ప్రొజెక్టర్ బొమ్మ తేటగా పడాలంటే: కొత్త మిషన్ కొనేముందు చేసి చూడాల్సినవి

"బొమ్మ క్లియర్‌గా రావడం లేదు" అనే ఒక్క మాటలో నాలుగు జబ్బులు దాక్కుని ఉంటాయి. అక్షరాల అంచులు అలుక్కుపోవడం ఒకటి. నలుపు నల్లగా ఉండక బూడిద రంగులో తేలిపోవడం రెండోది. బొమ్మంతా డల్‌గా ఉండటం మూడోది. రంగులు మారిపోవడం నాలుగోది. దేని మందు దానిదే. కానీ కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఏ స్కూల్లోనైనా, ఏ ఫంక్షన్ హాల్లోనైనా ముందు వినిపించేది ఒకటే తీర్పు: "ల్యూమెన్లు (మిషన్ ఇచ్చే వెలుగు కొలత) సరిపోవడం లేదు, పెద్దది తెద్దాం." చాలాచోట్ల ఆ ఖర్చు దండగ. ఎందుకు దండగో లెక్కతో సహా కింద చెప్తాం.

దగ్గర పెట్టుకోవాల్సినవి: కొలత టేపు, కెమెరా షాపులో దొరికే రబ్బరు బ్లోయర్, మెత్తని కుచ్చు బ్రష్, లెన్స్ టిష్యూ, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా, నల్ల గుడ్డ ఎనిమిది పది మీటర్లు, ల్యాప్‌టాప్. ఫోన్‌లో లక్స్ మీటర్ (ఒక చోట పడే వెలుగును కొలిచే) యాప్ వేసుకోండి. అది చూపే అంకె కచ్చితం కాదు గానీ, ఇప్పుడెంత, కర్టెన్ వేశాక ఎంత అని పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ముందు పరీక్ష బొమ్మలు

ల్యాప్‌టాప్‌లోని పెయింట్ ప్రోగ్రామ్‌లో మీ ప్రొజెక్టర్ అసలు రెజల్యూషన్ (అడ్డం, నిలువు ఎన్ని పిక్సెళ్లో, అంటే చుక్కలో) సైజులోనే నాలుగు బొమ్మలు చేసుకోండి. స్కూళ్లలోని పాతవి ఎక్కువగా 1024×768, ఇప్పటివి 1920×1080. మొదటి బొమ్మలో ఒక పిక్సెల్ వెడల్పు నల్ల గీత, పక్కనే ఒక పిక్సెల్ తెల్ల గీత, అలా చివరిదాకా. నాలుగు గీతలు గీసి కాపీ చేస్తూ రెట్టింపు చేసుకుంటూ పోతే ఐదు నిమిషాల పని. రెండోది, చిన్న అక్షరాలు మధ్యలో, నాలుగు మూలల్లో, నాలుగు అంచుల్లో. మూడోది, 0, 5, 10, 15, 20, 25 విలువల (0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు) ముదురు పట్టీలు ఒకవైపు, 230 నుంచి 255 దాకా లేత పట్టీలు ఇంకోవైపు. నాలుగోది పూర్తి నలుపు, దాని జతగా పూర్తి తెలుపు.

గీతల బొమ్మను ఫుల్ స్క్రీన్‌లో, జూమ్ లేకుండా వేయండి. దూరం నుంచి ఒకే బూడిద రంగులా, దగ్గరికెళ్తే గీతలు విడివిడిగా కనిపిస్తే పిక్సెల్‌కు పిక్సెల్ సరిగ్గా పడుతోందని అర్థం. నీళ్లలో అలల్లాగా పట్టీలు తేలితే మధ్యలో ఎవరో బొమ్మను సాగదీస్తున్నారు. అది ల్యాప్‌టాప్ రెజల్యూషన్ తేడా కావచ్చు, ప్రొజెక్టర్‌లో ఓవర్‌స్కాన్ (బొమ్మ అంచులు కోసి మిగతాది సాగదీసేది) ఆన్ అయి ఉండొచ్చు, లేదా కీస్టోన్ (వంకర బొమ్మను సరిచేసే బటన్, కింద చెప్తాం). పాత వీజీఏ కేబుల్ మీద గీతలు వణుకుతుంటే మెనూలో ఫేజ్, ట్రాకింగ్ అనే రెండింటినీ నిదానంగా తిప్పి వణుకు ఆగేచోట వదిలేయండి.

మిషన్ ఎక్కడ పెట్టాలి

బాక్స్ మీద త్రో రేషియో అని ఉంటుంది. తెర వెడల్పును దాంతో గుణిస్తే తెర నుంచి మిషన్ ఎంత దూరం ఉండాలో వస్తుంది. 8 అడుగుల తెర అంటే 2.44 మీటర్లు, రేషియో 1.5 అయితే దూరం 3.66 మీటర్లు.

మామూలుగా జరిగేది ఏమిటంటే, మిషన్‌ను బల్ల మీద పెట్టి, ముందు కాలి కింద రెండు నోటుపుస్తకాలు దోపి మూతి పైకెత్తుతారు. బొమ్మ పైన వెడల్పు, కింద సన్నం అవుతుంది. అప్పుడు కీస్టోన్ బటన్ నొక్కి దీర్ఘచతురస్రం చేసి, పని అయిపోయిందనుకుంటారు. కీస్టోన్ చేసేది లెన్స్‌ను తిప్పడం కాదు, ప్యానెల్ (మిషన్ లోపల బొమ్మ తయారయ్యే చిన్న పలక) మీదనే బొమ్మను పైవైపు నొక్కి చిన్నది చేయడం. పై అంచు 20 శాతం నొక్కితే 1024 పిక్సెళ్లలో ఆ వరసకు మిగిలేది 819. ఆ 819లోకి 1024 చుక్కల సమాచారం ఇరికించాలి కాబట్టి సన్నని అక్షరం అక్కడే చెడుతుంది. ఆ తర్వాత ఫోకస్ రింగ్ ఎంత తిప్పినా లాభం లేదు.

కాబట్టి కీస్టోన్‌ను సున్నాకు తెచ్చి, ఆటో కీస్టోన్ ఆపేసి, మిషన్‌ను చదునుగా ఉంచండి. చాలా మోడళ్లు చదునుగా పెట్టినా బొమ్మను పైకే విసురుతాయి. అందుకే బల్ల మీదైతే లెన్స్ దాదాపు తెర కింది అంచు ఎత్తులో, సీలింగ్‌కు తలకిందులుగా బిగిస్తే తెర పై అంచు ఎత్తులో ఉండాలి. ఎత్తు కుదరకపోతే బల్ల మార్చండి, తెర జరపండి. మూతి మాత్రం ఎత్తొద్దు. అడ్డంగా చూస్తే లెన్స్ తెర సరిగ్గా నడిమధ్యకు ఎదురుగా ఉండాలి. కంటిచూపుతో తేల్చకండి. టేపుతో బొమ్మ ఎడమ అంచు ఎత్తు, కుడి అంచు ఎత్తు కొలవండి, తర్వాత పై వెడల్పు, కింది వెడల్పు. తేడా 5 మిల్లీమీటర్లలోపు ఉంటే చాలు.

ఫోకస్

ఆన్ చేసిన వెంటనే ఫోకస్ చేయకండి. ఇరవై నిమిషాలు తెల్ల తెర వేసి వదిలేయండి. కారణం లెక్కలో ఉంది. 1024×768 ప్యానెల్ మూల నుంచి మూలకు 0.63 అంగుళాలది అనుకుంటే దాని వెడల్పు 12.8 మిల్లీమీటర్లు, ఒక్కో పిక్సెల్ 12.5 మైక్రాన్లు. అది 2.44 మీటర్ల తెర మీదికి 190 రెట్లు పెరిగి పడుతోంది. లెన్స్ ఎఫ్ నంబరు (లెన్స్ ఎంత వెడల్పుగా వెలుగును తీసుకుంటుందో చెప్పే అంకె) 1.7 అయితే, ప్యానెల్ దగ్గర ఫోకస్ 21 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌లో యాభయ్యో వంతు జరిగితే చాలు, ఒక పిక్సెల్ పూర్తిగా అలుక్కుపోతుంది. వేడికి లెన్స్ గొట్టం సాగేది ఆ మోతాదులోనే, లోపల ప్లాస్టిక్ లెన్సులుంటే ఇంకా ఎక్కువ. అదే తెర వైపు చూడండి: అంతే అలుకుడు రావాలంటే తెర ముప్పావు మీటరు జరగాలి, ఎందుకంటే ఈ వైపు దూరాలు 190ని 190తో గుణించినంత పెద్దవవుతాయి. గాలికి తెర గుడ్డ జానెడు ఊగినా ఫోకస్ చెక్కు చెదరదు. మిషన్ లోపల వెంట్రుక మందంలో సగం కూడా లేని కదలికే బొమ్మను చెడగొడుతుంది.

దీన్నుంచే ఇంకో సంగతి తేలుతుంది. ఎడమవైపు అక్షరాలు పదునుగా ఉండి కుడివైపు మసకగా ఉంటే తెర వంకరని అనుమానించకండి. తెర నాలుగు వేళ్లు వంకరైతే ఈ తేడా రాదు. మిషన్ ఎప్పుడో కిందపడి లెన్స్ మౌంట్ ఒకవైపు వాలి ఉంటుంది, మెకానిక్ పని. మధ్యలో పదును, నాలుగు మూలల్లోనూ సమానంగా మసక అయితే అది లెన్స్ స్వభావం. ఫోకస్ తలం గిన్నెలా వంగి ఉంటుంది. అప్పుడు మధ్యలో కాకుండా, మధ్యకూ మూలకూ నడుమ మూడింట రెండు వంతుల దూరంలో ఉన్న అక్షరాన్ని చూసి ఫోకస్ చేయండి. మధ్యలో పోయేది కొంచెమే, మూలల్లో వచ్చేది చాలా. రింగ్‌ను పదును దాటేదాకా తిప్పి, వెనక్కి తెచ్చి, రెండు వైపులా చెడిన చోట్లకు నట్టనడుమ ఆపడం మంచి అలవాటు.

అక్షరాలకు ఎర్ర అంచు, నీలి అంచు కనిపిస్తే ఎడమ చివర, కుడి చివర పోల్చి చూడండి. ఎర్ర అంచు రెండు చోట్లా ఒకే దిక్కున ఉంటే లోపలి మూడు ప్యానెళ్లు (ఎల్‌సీడీ మిషన్లలో ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు ఒక్కోటి) ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోలేదు. కొన్ని మోడళ్లలో ప్యానెల్ అలైన్‌మెంట్ అని మెనూలోనే ఉంటుంది. అంచు ఎడమచివర ఒక దిక్కు, కుడిచివర దానికి ఎదురు దిక్కు ఉంటే అది లెన్స్ లోపం. దానికి మెనూలో మందు లేదు; జూమ్‌ను ఒక కొస నుంచి మధ్యకు తెచ్చి మిషన్ దూరం మార్చి చూడండి, తగ్గితే తగ్గుతుంది.

దుమ్ము

బేతంచెర్ల, తాడిపత్రి, యర్రగుంట్ల చుట్టుపక్కల బండల పాలిష్ యూనిట్లున్న ఊళ్లలో గంట సేపు కిటికీ తెరిచి ఉంచితే బల్ల మీద వేలితో పేరు రాయొచ్చు. ఈ దుమ్ములో సున్నపురాయి పొడి మెత్తనిది, కాఠిన్యం మోస్ కొలతలో (వజ్రం 10) 3 దాకా. కానీ దాంతో కలిసొచ్చే ఇసుక 7. లెన్స్ గాజు ఐదున్నర, ఆరు. కండువా కొసతో లెన్స్ తుడవడమంటే గాజు మీద ఉప్పుకాగితం రుద్దడమే.

గాజు కంటే ముందు పోయేది దాని మీది పూత. పూత లేని గాజు ముఖం ఒక్కోటి 4 శాతం వెలుగును వెనక్కి కొడుతుంది. పది లెన్సులున్న గొట్టంలో ఇరవై ముఖాలు. పూత లేకపోతే అవతలికి చేరేది 44 శాతమే. మంచి పూతతో ముఖానికి అర శాతమే పోతే 90 శాతం చేరుతుంది. వెనక్కి కొట్టిన వెలుగు ఊరికే పోదు, గొట్టంలో తిరిగి తిరిగి నల్లగా ఉండాల్సిన చోట పొగమంచులా పరుచుకుంటుంది. మామూలు మెగ్నీషియం ఫ్లోరైడ్ పూత మందం సుమారు 100 నానోమీటర్లు. అంత పల్చటి దాన్ని ఎలా తుడవాలో మీరే ఆలోచించండి.

ప్లగ్ తీసి, గంట చల్లారనివ్వండి. మూతిని కిందికి వంచి బ్లోయర్‌తో పది పదిహేను సార్లు ఊదండి. నోటితో ఊదితే ఉమ్మి తుంపర పడుతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలిలో నూనె, నీళ్లు ఉంటాయి, అసలు వద్దు. మిగిలిన దుమ్మును బ్రష్‌తో ఈకలా తాకుతూ దులపండి. వేలిముద్ర, నూనె మరక ఉంటేనే తడి పని: టిష్యూ మీద రెండు చుక్కల ఆల్కహాల్ వేసి, మధ్య నుంచి బయటికి చుట్టలు తిప్పుతూ ఒక్కసారి, బరువు వేయకుండా. రెండోసారికి కొత్త టిష్యూ. చుక్కలు నేరుగా లెన్స్ మీద వేస్తే అంచు సందులోంచి లోపలికి దిగి రెండు గాజుల మధ్య మరకవుతుంది. అసిటోన్, థిన్నర్ తగిలితే ప్లాస్టిక్ లెన్స్ తెల్లబడుతుంది. గోడకు ఆనించి పెట్టే అల్ట్రా షార్ట్ త్రో మిషన్లలో పైన కనిపించే అద్దాన్ని బ్లోయర్ తప్ప ఇంకేదీ తాకకూడదు.

ఒక అపోహ చాలామందికి ఉంది. తెర మీద మచ్చ కనిపించగానే లెన్స్ తుడుస్తారు. మిషన్ ముందరి లెన్స్ మీది దుమ్ము తెర మీద మచ్చగా కనిపించదు, కాంట్రాస్ట్ (తెలుపుకూ నలుపుకూ తేడా) మాత్రమే తగ్గిస్తుంది. మచ్చ కనిపించిందంటే దుమ్ము ప్యానెల్ దగ్గరుంది. పూర్తి నలుపు బొమ్మ వేసి చూడండి: ఆకుపచ్చ చుక్క వెలిగితే ఆకుపచ్చ ప్యానెల్ మీద, నీలమైతే నీలం మీద. తెల్ల తెర మీద అదే చుక్క ఎదురు రంగులో, అంటే ఆకుపచ్చ బదులు గులాబి ఛాయలో కనిపిస్తుంది. ఇది ఎల్‌సీడీ మిషన్ల జబ్బు. ఫిల్టర్ తీసి, ప్యానెల్ దిమ్మె ఉన్న సందులోకి బ్లోయర్‌తో ఊదితే చాలాసార్లు పోతుంది. డీఎల్‌పీ (చిప్ మీది బుల్లి అద్దాలతో బొమ్మ వేసే) మిషన్‌లో నల్ల తెర మీద కదలని సన్నని తెల్ల చుక్కలు కనిపిస్తే దుమ్ము కాదు, చిప్‌లోని బుల్లి అద్దాలు ఇరుక్కుపోయాయి. ఊదితే పోవు, చిప్ మార్చాల్సిందే.

గాలి ఫిల్టర్‌ను నెలకోసారి తీయండి, పాలిష్ యూనిట్ల ఊళ్లలో పదిహేను రోజులకోసారి. లోపలి వైపు నుంచి బయటికి ఊదాలి. మాన్యువల్‌లో ఉంటే తప్ప కడగొద్దు; కొన్ని ఫిల్టర్లు విద్యుదావేశంతో దుమ్ము పడతాయి, కడిగితే ఆ గుణం పోతుంది.

వెలుగు లెక్క

చాలాచోట్ల డబ్బు మిగిలేది ఇక్కడే. 3000 ల్యూమెన్ల మిషన్, లాంప్ పాతబడి ఇప్పుడు 1500 ఇస్తోందనుకుందాం. తెర 2.44×1.83, అంటే 4.47 చదరపు మీటర్లు. తెర మీద పడేది 336 లక్స్. కిటికీ, ట్యూబ్‌లైట్ల నుంచి అదే తెర మీద 100 లక్స్ పడుతోంది. తెల్లటి చోట 436, నల్లటి చోట 100. నిష్పత్తి 4.4. నలుపు ఏనాడూ నల్లగా కనబడదు.

కొత్త 3000 ల్యూమెన్ల మిషన్ తెచ్చారు. 671 లక్స్ పడుతుంది, నిష్పత్తి 7.7కి చేరింది. అదే పాత మిషన్ ఉంచి, కర్టెన్ కట్టి, తెర పక్క ట్యూబ్‌లైట్ ఆపి, బయటి వెలుగును 20 లక్స్‌కు దించారనుకోండి. నిష్పత్తి 17.8. 2011 నాటి అమెరికా ఏఎన్ఎస్ఐ ఇన్ఫోకామ్ ప్రమాణం ఈ నిష్పత్తి ఊరికే చూసే బొమ్మకు 7, చదివి అర్థం చేసుకోవాల్సిన పాఠానికి 15, సినిమాకు 80 ఉండాలంటుంది. కర్టెన్ గుడ్డ పాఠం స్థాయి దాటించింది, కొత్త మిషన్ దాటించలేదు. దీనికి తోడు బొమ్మను 2 మీటర్ల వెడల్పుకు తగ్గిస్తే విస్తీర్ణం 3 చదరపు మీటర్లకు దిగి, తెర మీద 500 లక్స్, నిష్పత్తి 26.

గది చీకటిగా ఉండాల్సిన పని లేదు, తెర చీకటిగా ఉంటే చాలు. పిల్లలు నోట్సు రాసుకోవడానికి వెనక లైట్లు వెలగనివ్వండి, ముందు వరస మాత్రం వేరే స్విచ్‌కు మార్పించండి. ఫోన్‌ను తెరకు ఆనించి, ముఖం గదివైపు పెట్టి, ప్రొజెక్టర్ ఆపేసి లక్స్ చూస్తూ ఒక్కో లైటు ఆపితే దొంగ ఎవరో తెలిసిపోతుంది. నేల కూడా చూడండి. నల్ల కడప బండల నేల మేలు. తెల్ల టైల్స్ నేల కిటికీ వెలుగును నేరుగా తెర మీదికి చిమ్ముతుంది. ప్రొజెక్టర్ వెలుగే తెర మీద నుంచి తెల్ల సున్నం గోడలకు కొట్టి తిరిగొస్తుంది కాబట్టి తెర చుట్టూ ఒక మీటరు మేర నల్ల గుడ్డ కట్టండి.

తెర సంగతి. లప్పం పట్టి, ఉప్పుకాగితం కొట్టి, మెరుపు లేని తెల్ల ఎమల్షన్ రెండు కోట్లు వేసిన గోడ చాలా తెరల కంటే నయం. ఎనామిల్ వేస్తే మధ్యలో బల్బులా మెరుస్తుంది. ఫ్లెక్స్ బ్యానర్ తిరగేసి కట్టినా అదే గతి. పంచె గుడ్డ కట్టాల్సివస్తే దాని వెనక ఇంకో గుడ్డ వేయండి, లేకపోతే వెలుగులో కొంత వెనకకు దాటిపోతుంది.

సెట్టింగులు

మెనూలో బ్రైట్‌నెస్ అనేది పేరుకే వెలుగు. నిజానికి అది నలుపు మట్టం. ముదురు పట్టీలు చూస్తూ 5 కనపడీ కనపడనట్టు ఉండేచోట ఆపండి. కాంట్రాస్ట్‌ను లేత పట్టీల్లో 250, 255 విడిగా తెలిసే చోట ఆపండి. ఎంత తిప్పినా 0 నుంచి 15 దాకా కలిసిపోయే ఉంటే, ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐలో ఫుల్ రేంజ్ (0 నుంచి 255) పంపుతోంది, ప్రొజెక్టర్ లిమిటెడ్ (16 నుంచి 235) అనుకుంటోంది. రెండింటినీ ఒకటి చేయండి. డైనమిక్ మోడ్ బొమ్మను ఆకుపచ్చ చేస్తుంది. సినిమా మోడ్, కలర్ టెంపరేచర్ 6500 కెల్విన్ దగ్గర పెట్టండి. షార్ప్‌నెస్ పెంచితే అక్షరం చుట్టూ తెల్ల నీడ వస్తుంది తప్ప పదును రాదు. డీఎల్‌పీలో తెలుపును ఎత్తే ఆప్షన్ ఆన్ అయి ఉంటే పసుపు ఆవపిండిలా, కుంకుమ ఇటుకపొడిలా కనిపిస్తాయి, ఆపేయండి.

వేడి

చాలా మోడళ్లు 35 నుంచి 40 డిగ్రీల దాకానే పనిచేసేలా తయారవుతాయి. మే నెలలో కర్నూలులో బయటే 40 దాటుతుంది, ఇక రేకుల కప్పు కింద బిగించిన మిషన్ దగ్గర ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. ఎల్‌సీడీ మిషన్‌లో వేడికి మొదట మాడేది నీలం దారిలోని పోలరైజర్ (వెలుగును వడకట్టే పల్చటి పొర). తెల్ల తెర మీద పసుపు మచ్చగానో నల్ల తెర మీద నీలి మచ్చగానో మొదలై, అంచుల్లేకుండా పాకుతుంది. అది మళ్లీ బాగుపడదు. కప్పుకూ మిషన్‌కూ మధ్య 30 సెంటీమీటర్ల సందు ఉంచండి, ఎండాకాలం ఎకో మోడ్ (లాంప్ వెలుగును తగ్గించేది) వాడండి. హై ఆల్టిట్యూడ్ మోడ్ అసలు 1500 మీటర్ల పైన వాడేందుకు. అనంతపురం సుమారు 335 మీటర్లే. అయినా అది ఫ్యాన్‌ను పూర్తి వేగంతో తిప్పుతుంది, చప్పుడు ఓర్చుకోగలిగితే మే నెలకు బాగానే పనికొస్తుంది. కరెంటు పోతే ఫ్యాన్ ఆగి లాంప్ వేడి లోపలే ఉండిపోతుంది కాబట్టి, లాంప్ మిషన్‌కు ఫ్యాన్ చల్లబరిచేదాకా నిలిచే చిన్న యూపీఎస్ పెట్టండి.

మిద్దె మీద ఆట వేస్తే

సూర్యుడు కుంకిన వేళ ఆకాశం నుంచి ఇంకా 400 లక్స్ దాకా ఉంటుంది. దాదాపు ఇరవై రెండు నిమిషాల తర్వాత 3, 4 లక్స్‌కు దిగుతుంది. అరగంట ఆగి మొదలుపెడితే ఆకాశంతో ఇబ్బంది లేదు, పున్నమి వెన్నెల కూడా పావు లక్సే. అడ్డొచ్చేది వీధిలైటు, తెర వీపు దానివైపు ఉండేలా కట్టండి. షార్ట్ త్రో (తెరకు దగ్గరగా పెట్టే) మిషన్ వాడితే తెర గుడ్డ నాలుగు వైపులా బిగించి కట్టాలి, కిరణాలు ఏటవాలుగా వస్తాయి కాబట్టి చిన్న ముడత కూడా మొహాన్ని సాగదీస్తుంది. తొలకరి వాన పడిన రాత్రి ఉసిళ్లు లేస్తాయి. అవి లెన్స్ వెలుగుకు వచ్చి గాలి లాగే జల్లెడలో పడతాయి. జల్లెడకు దోమతెర చుట్టకండి, గాలి ఆగి మిషన్ కాగుతుంది. మిద్దెకు అవతలి మూలన ఒక బల్బు వెలిగించి పెట్టండి, సగానికి సగం అటే పోతాయి. ఆట అయ్యాక, మిషన్ చల్లారాక, ఫిల్టర్ తీసి రెక్కలు దులిపి పెట్టండి.